నెలకి ఒక్క ఆదివారం, రెండు గంటలు
ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉన్న మన తెలుగు సంఘం పెద్దలకు బహిరంగ లేఖ

పెద్దలందరికీ నమస్కారం.

శ్రావణమాసంలో నేను మన సంఘానికి ఒక అర్జీ పెట్టుకున్నాను. నెలకి ఒక్క ఆదివారం, సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా, గ్రంథాలయం వెనక గది మాకు ఇవ్వమని. అద్దె ఎంతైతే అంత కడతామని, కుర్చీలు మేమే వేసుకుని మేమే సర్దేసి, గది ఊడ్చి తాళం అప్పజెప్పి వెళ్తామని కూడా రాశాను. "దేనికమ్మా?" అని అడిగారు. దాచలేదు. దేవుడి మీద నమ్మకం లేనివాళ్ళం ఈ ఊళ్ళో, చుట్టుపక్కల కొంతమంది ఉన్నాం, నెలకోసారి కలిసి కూచుందామనుకుంటున్నాం అని చెప్పాను.

మీలో ఎవరూ నన్ను పరుషంగా ఒక్క మాట అనలేదు. అది నేను మర్చిపోను. "నీకెందుకమ్మా ఈ తలనొప్పి" అని ఒకరు, "ఆలోచించి చెబుతాం" అని ఇంకొకరు అన్నారు. పది రోజుల తర్వాత వీలుపడదని ఫోన్లో చెప్పారు. కారణాలు కూడా చెప్పారు గానీ అప్పుడే నైట్ డ్యూటీ దిగి నిద్రమొహంతో ఉన్నాను, సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు తీరిగ్గా, అందరూ చదివేలా చెబుతున్నాను. అలిగి రాస్తున్న ఉత్తరం కాదిది. ఒడియా బడిలో చదువుకున్న నాకూ మా చెల్లికీ వేసవి సెలవుల్లో అఆలు దిద్దించి, వేమన పద్యాలు నేర్పింది ఈ సంఘమే. ఇక్కడ అడగలేనిది ఇంకెక్కడ అడుగుతాను?

ముందు మా నాన్న సంగతి చెప్పాలి. మీలో చాలామంది ఆయన్ని ఎరుగుదురు. నౌపడా నుంచి గుణుపురం వెళ్ళే చిన్న రైలు లైను మీద గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. పెద్దగా చదువుకోలేదు. నాకు ఊహ తెలిసేనాటికే ఆయనకి దేవుడి మీద నమ్మకం లేదు. ఎవరితోనూ వాదన పెట్టుకునేవారు కాదు. అమ్మ దీపం పెట్టబోతే అగ్గిపెట్టె అందించేవారు. గుడికి వెళ్తానంటే రిక్షా పిలిచేవారు. తను మాత్రం గుమ్మం దాటేవారు కాదు. "నేను పోతే పిండాలు పెట్టొద్దు. మీ అమ్మ బొట్టు జోలికి, గాజుల జోలికి ఎవరినీ రానివ్వద్దు" అని నాతో ఎన్నోసార్లు అన్నారు. ఆఖర్న పెన్షన్ పుస్తకం వెనక పేజీలో అదే రాసి సంతకం పెట్టారు.

2019 జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన వారానికి పోయారు. పాతపట్నం నుంచి, టెక్కలి నుంచి చుట్టాలంతా దిగారు. నేను పెన్షన్ పుస్తకం తీసి చూపించాను. మా పెదనాన్న అది చదివి, మడిచి, నా చేతిలోనే పెట్టి "మనిషి బతికుండగా వంద అంటాడమ్మా" అన్నారు. పిండాలు పెట్టారు. దానికి నేను పెద్దగా బాధపడలేదు. అన్నం ముద్దలు, కాకులు తిన్నాయి. కానీ తొమ్మిదో రోజు రాత్రి మా అమ్మకి ఒంటినిండా పసుపు రాసి, కొప్పు నిండా పూలు పెట్టి, రెండు చేతులకీ మోచేతి దాకా ఆకుపచ్చ గాజులు వేశారు. తెల్లారితే తీసెయ్యడానికి. పదో రోజు ఇంకా చీకటి ఉండగానే మహేంద్రతనయ ఏటి ఒడ్డుకి నడిపించుకుని వెళ్ళారు. రెండు చేతులూ ఒకదానికొకటి కొట్టించారు. కొన్ని విరిగాయి, కొన్ని విరగలేదు. చలికి ఆవిడ చేతులు వణుకుతున్నాయి. మిగిలినవాటిని రాయి పెట్టి కొట్టారు. ఒక ముక్క ఎడమ మణికట్టు లోపలివైపు, నాడి చూసే చోటికి రెండు వేళ్ళ పక్కన దిగింది.

నేను ఇరవై రెండేళ్ళుగా స్టాఫ్ నర్సుని. ఎన్ని చేతులకి కట్టు కట్టానో లెక్కలేదు. ఆ ముక్క తీశాను, దూది పెట్టి నొక్కి పట్టుకున్నాను. అంతకుముందే ఒకే ఒక్కసారి "వద్దు, ఆపండి" అన్నాను. మా అత్త నా వైపు తిరిగి "నీ నాస్తికం నీ దగ్గర ఉంచుకో. ఇంకా పెళ్ళి కావాల్సిన చెల్లెలుంది నీకు" అంది. అమ్మ నా వంక చూసింది. అవతల పదిహేను మంది ఉన్నారు, ఇవతల నేనొక్కదాన్ని. రెండోసారి నోరు పెగల్లేదు.

చాలా నెలల తర్వాత ఒక రాత్రి అమ్మే ఆ సంగతి ఎత్తింది. "నువ్వు ఇంకోసారి అంటే నేనూ వద్దందునే. నువ్వు ఒక్కదానివే ఉన్నావని ఊరుకున్నాను" అంది. అమ్మ ఈ రోజుకీ దేవుణ్ణి నమ్ముతుంది. గాజులు పగలగొట్టించుకోవడం మాత్రం ఆవిడకి ఇష్టం లేదు. నాన్నకీ ఇష్టం లేదు. నాకూ ఇష్టం లేదు. అయినా జరిగింది. ఆ ఒడ్డున మా పక్కన ఇంకో నలుగురు, గట్టిగా అరవక్కర్లేదు, ఊరికే వచ్చి నిలబడినా చాలు, జరిగేది కాదు.

నేను అడుగుతున్న గది ఆ నలుగురి కోసం.

ఇక మీరు చెప్పిన కారణాలకు వస్తాను. మొదటిది, "ఇది మన ప్రాంతం సంగతి కాదమ్మా, బెజవాడ వాళ్ళ సంగతి" అన్నారు. నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించిన మాట ఇదే. బెజవాడలో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, పుట్టింది ఛత్రపురంలో. 1902 నవంబర్ 15న. అప్పటికి ఒడిశా రాష్ట్రమే లేదు. ఛత్రపురం, మన పర్లాకిమిడి రెండూ మద్రాసు ప్రెసిడెన్సీ గంజాం జిల్లాలోవే. అంటే ఆయన మన జిల్లా బిడ్డ. బరంపురం మీదుగా భువనేశ్వర్ వెళ్ళే తెలుగువాళ్ళు ఎంతమంది ఛత్రపురం స్టేషన్ దాటుతుంటారు! ఆ పేరు విని ఒక్కరికైనా గోరా గుర్తొస్తారా?

ఆయన వృక్షశాస్త్రం చెప్పే లెక్చరర్. నమ్మకం లేదని పైకి చెప్పినందుకు 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీలో ఉద్యోగం పోయింది. తర్వాత మచిలీపట్నం హిందూ కాలేజీలోనూ నిలవనివ్వలేదు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలుపెట్టారు. ఏడేళ్ళ తర్వాత అది విజయవాడకి మారింది. ఆయన చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది పౌర్ణమి భోజనాలు. ప్రతి పున్నమికీ అన్ని కులాలవాళ్ళూ ఒకే పంక్తిలో కూచుని తినేవారు. ఎవరి తిండి వాళ్ళు తెచ్చుకుని నలుగురితో పంచుకోవడమే, ఇంకే హడావుడీ లేదు. సంఘం కట్టడానికి అంతకంటే తేలికైన దారి నాకింకా కనబడలేదు.

ఆయన భార్య సరస్వతిగారు కడుపుతో ఉండగా గ్రహణం చూడటానికి బయటికి వచ్చారు. ఈ మాట చదివినప్పుడు నేను నర్సింగ్ ట్రైనింగ్‌లో ఉన్నాను. ఇప్పటికీ గ్రహణం రోజున నా వార్డులో గర్భిణులు వెల్లకిలా పడుకుని కదలరు. మంచినీళ్ళు తాగరు. మాత్ర వేసుకోమంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. పెదవి చీలిన బిడ్డని మన భాషలోనే గ్రహణం మొర్రి అంటాం. భయం మాటలోనే కూచుని ఉంది. నిజానికి బిడ్డ పై పెదవి అతుక్కునేది తొలి రెండు నెలల లోపలే. ఎనిమిదో నెలలో వచ్చిన గ్రహణం దాన్ని చీల్చలేదు. నేను ఈ సంగతి ఒక్కొక్కరి మంచం దగ్గరా కూచుని చెబుతాను. కొందరు నీళ్ళు తాగుతారు. కొందరు అత్తగారు చూస్తుందేమోనని తలుపు వైపు చూస్తారు.

గాంధీగారి పటం మన హాల్లో ఉంది కాబట్టి ఇదీ చెబుతాను. గోరా తన పెద్దమ్మాయి మనోరమకి దళిత యువకుడు అర్జునరావుతో పెళ్ళి తలపెట్టినప్పుడు, దేవుడి పేరున్న చోట సత్యం అన్న మాట పెట్టి సేవాగ్రామ్‌లో జరిపిద్దామని గాంధీగారు ఒప్పుకున్నారు. ఆ పెళ్ళి చూడటానికి ఆయన మిగల్లేదు. 1948 మార్చిలో ఆశ్రమంలోనే జరిగింది. రోజూ రామనామం చెప్పుకునే మనిషి ఆ పెళ్ళికి సరే అన్నప్పుడు, ఒక గది విషయంలో మనం సరే అనుకోలేమా?

రెండో కారణం, "ఒడిశాలో తెలుగువాళ్ళం గుప్పెడు మందిమి, మనలో మనమే చీలితే ఎలా" అన్నారు. ఈ భయం నాకు అర్థమవుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి మన ఊరు గీతకి ఇవతల పడ్డప్పటినుంచీ మన పెద్దలు బడి కోసం, బోర్డు మీద తెలుగు అక్షరం కోసం ఎంత తిరిగారో విన్నాను. కానీ మనందరికీ నమ్మకం ఒకటే అయినందువల్ల సంఘం నిలబడలేదు. కార్తీకమాసంలో భజన ఆ గదిలోనే జరుగుతుంది. డిసెంబరులో పిల్లలు క్రిస్మస్ పాటలు ప్రాక్టీసు చేసేదీ ఆ గదిలోనే. ఆ ఇద్దరి దేవుళ్ళూ వేరైనా సంఘం చీలలేదు. మేమొచ్చి కూచుంటే ఎందుకు చీలుతుంది?

ఏటా ఆగస్టు 29న మనం గిడుగు రామమూర్తిగారికి దండ వేస్తాం. ఈ ఊళ్ళో మాస్టారుగా పనిచేసిన మనిషి. జనం మాట్లాడే తెలుగు పుస్తకంలో ఉండాలన్నందుకు పండితులు ఆయన్ని ఎన్ని మాటలన్నారో మన వక్తలే ప్రతి ఏడూ చెబుతారు. సవర గిరిజనుల భాష నేర్చుకోవడానికి ఏజెన్సీ కొండలెక్కి, మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వాడి వాడి చెవులు పోగొట్టుకున్నారు. క్వినైన్ మోతాదు మించితే వినికిడి దెబ్బతింటుందని మాకు చదువులో చెప్పినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆయనే. పదిమందీ కాదన్నదాన్ని పట్టుకుని నిలబడ్డవాళ్ళని గౌరవించడం నాకు నేర్పింది మీరే కదా. ఆ వేదిక మీదే, ఆ దండల మధ్యే నేర్చుకున్నాను.

గొడవలవుతాయన్నది మూడో కారణం. దీన్ని కొట్టిపారెయ్యను. పుణేలో నరేంద్ర దాభోల్కర్‌గారిని 2013 ఆగస్టు 20న పొద్దున్న నడకకి వెళ్తుంటే కాల్చి చంపారు. ఆయన డాక్టరు. మూఢనమ్మకాల మీద చట్టం తెమ్మని ఏళ్ళ తరబడి అడిగారు. ఆయన పోయాకే మహారాష్ట్ర ఆ చట్టం తెచ్చింది. మన రాజధాని భువనేశ్వర్‌లోనే 2022 నవంబర్ 8న చంద్రగ్రహణం వేళ హేతువాదులు బిర్యానీ విందు పెట్టుకుంటే కొట్లాట దాకా వెళ్ళింది. గ్రహణంలో తింటే ఏమీ కాదని చూపించడం తప్పని నేననను. నా పద్ధతి మాత్రం వేరు. గ్రహణం రోజున నేను ఎప్పట్లాగే అన్నం తిని డ్యూటీకి వెళ్తాను. వార్డులో అడిగినవాళ్ళకి చెబుతాను. మా బృందం కూడా అలాగే ఉండాలని మొదటి రోజే అనుకున్నాం. గుడి ముందు నిలబడి నినాదాలు ఇవ్వం. పూజారిని గానీ పాస్టరుని గానీ ఎగతాళి చెయ్యం. ఏ పార్టీ జెండా పట్టుకోం. చందాలు అడగం. మా ఆయన ప్రతి శనివారం ఆంజనేయస్వామి గుడికి వెళ్తారు. పద్దెనిమిదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆయన తెచ్చిన ప్రసాదం నేను తింటాను, నేను చదివే పుస్తకాన్ని ఆయన మూసి పక్కన పెట్టరు. మా ఇంట్లో సాగిన పద్ధతి సంఘంలో సాగదా?

ఆడపిల్లల పెళ్ళిళ్ళ సంగతి కూడా ఎవరో ఎత్తారు. నాస్తికులని పేరుపడితే సంబంధాలు రావని. దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు. మా చెల్లికి రెండు సంబంధాలు తప్పిపోయిన మాట నిజం. తర్వాత దాని ఇష్టప్రకారం 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద రిజిస్టరు పెళ్ళి చేసుకుంది. ముప్ఫై రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు. ఆ ముగ్గురు సాక్షుల కోసం మేము పడ్డ తంటా చెబితే నమ్మరు. నోటీసు బోర్డు మీద పేరు పడ్డ నెల రోజులూ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు, ఒకటే టెన్షన్. అప్పుడు కూడా అదే అనుకున్నాను, తెలిసినవాళ్ళు నలుగురుంటే అని.

మేము ఎవరిమో చెప్పలేదు కదూ. ప్రస్తుతానికి ఎనిమిది మందిమి. పేర్లు రాయను, వాళ్ళ అనుమతి తీసుకోలేదు. రిటైరైన లెక్కల మాస్టారు ఒకరు. ఆటో నడిపే అబ్బాయి. ఏటికి అవతల పాతపట్నం నుంచి వచ్చే టైలరు, ఆమె వస్తున్నట్టు ఇంట్లో తెలియదు, బట్టల బేరానికని చెప్పి వస్తుంది. గుణుపురం నుంచి రైల్లో వచ్చే కాలేజీ పిల్ల. ఇద్దరు ఒడియావాళ్ళు, మన బజారు తెలుగు మనకంటే బాగా మాట్లాడతారు. ఇంకొకరు సవర కుర్రాడు. వాళ్ళ తాత కాలం నుంచీ చర్చికి వెళ్ళే కుటుంబం. ఇతను మానేశాడు. మొదటిసారి కలిసినప్పుడు అందరూ దేవుడున్నాడా లేడా అని మాట్లాడతారనుకుని నేను సిద్ధపడి వెళ్ళాను. ఆ అబ్బాయి మాత్రం చాలాసేపు తల వంచుకుని కూచుని, "నేను చచ్చిపోతే నన్ను ఎక్కడ పాతిపెడతారు?" అని అడిగాడు. చర్చి సమాధుల దగ్గర చోటివ్వరు. పాత పద్ధతి వాళ్ళు తమవాడు కాదంటారు. ఇరవై ఆరేళ్ళవాడికి రావాల్సిన బెంగా అది? మాలో ఎవరికీ అప్పటికప్పుడు జవాబు దొరకలేదు.

ఇప్పుడు దొరికింది. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీకి శరీరం రాసివ్వచ్చు. అనాటమీ విభాగం వాళ్ళు తీసుకుంటారు. ఆ కాలేజీకి ఉన్న పేరు మన పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతిదే. కళ్ళు అయితే ప్రాణం పోయిన ఆరు గంటల లోపల తీసుకోవాలి. ఆ ఆరు గంటల్లో ఏడుపుల మధ్య ఫోన్ చేసేవాళ్ళు కావాలి. కాగితాలు పట్టుకుని తిరిగేవాళ్ళు కావాలి, "పోయినాయన కోరిక ఇది" అని పెద్దవాళ్ళతో నెమ్మదిగా చెప్పేవాళ్ళు కావాలి. మా బృందం మొదటి పని అదే. ఒక నోటు పుస్తకం కొన్నాం. పేరు, ఫోన్ నంబరు, బ్లడ్ గ్రూపు, తను పోతే ఏం చెయ్యాలో సొంత చేతిరాతతో. ఎవరింట్లో చావు జరిగినా కనీసం ఇద్దరు వెళ్ళాలి. నాన్న పెన్షన్ పుస్తకంలో ఆ పేజీ నకలు మా నోటు పుస్తకం మొదటి పేజీలో అంటించాను.

రెండో పని ఇంకా కష్టమైనది. మూడేళ్ళ కిందట వానాకాలంలో, పొద్దున్న ఎనిమిది గంటలప్పుడు కొండ మీది ఊరి నుంచి ఒక తండ్రి కూతుర్ని మోసుకొచ్చాడు. పద్నాలుగేళ్ళుంటాయి. రాత్రి నేల మీద పడుకుంటే కట్లపాము కరిచింది. కట్లపాము కాటుకి వాపు పెద్దగా ఉండదు, నొప్పి ఉండదు. అందుకే ఏమీ కాలేదనుకుంటారు. రెండింటికి కరిస్తే ఏడింటిదాకా గుణియా, అంటే మంత్రం వేసేవాడి దగ్గర ఉంచారు. వేపమండలు, మంత్రం, పసరు. నా దగ్గరికి వచ్చేసరికి "పైకి చూడమ్మా" అంటే కనుబొమ్మలు ఎత్తుతోంది గానీ రెప్పలు లేవడం లేదు. మాట ముద్దయిపోతోంది. విషానికి విరుగుడు మందు పొడిలా ఉంటుంది. సీసాలో పది మిల్లీలీటర్ల నీళ్ళు పోసి రెండు అరచేతుల మధ్యా మెల్లగా తిప్పాలి. గట్టిగా ఊపితే నురగొచ్చి పాడవుతుంది. ముందు పది సీసాలు ఎక్కించాలి. చేతుల మధ్య సీసా తిప్పుతూ నేను ఆ పిల్ల గుండెలు ఎగిరిపడటం లెక్కపెడుతున్నాను. రక్తంలో తిరిగే విషాన్ని మందు పట్టుకుంటుంది, అప్పటికే నరాల చివర్లలో చేరిన దాన్ని వెనక్కి తేలేదు. ఊపిరి మిషను మీద ఉంచితే ఆ దెబ్బ మెల్లగా మానేది. పెద్దాసుపత్రికి పంపాం. దారిలో పోయింది.

ఆ తండ్రి మీద నాకు కోపం లేదు. కూతురు బతకాలనే అక్కడికి తీసుకెళ్ళాడు. గుణియా మీద కూడా అనుకున్నంత కోపం రాలేదు. మన దగ్గర కరిచే పాముల్లో చాలావాటికి విషం ఉండదు. ఉన్నవి కూడా ప్రతి కాటులోనూ విషం దింపవు. అలాంటివాళ్ళు మంత్రం వేసినా లేచి కూచుంటారు, వెయ్యకపోయినా లేచి కూచుంటారు. పేరు మంత్రానికి వస్తుంది. ఇలా పదిమంది బతకడం కళ్ళారా చూసిన ఊరు పదకొండోదాన్ని ఆసుపత్రికి ఎందుకు తెస్తుంది? మా లెక్కల మాస్టారు ఈ సంగతి చెట్టు కింద కూచోబెట్టి గులకరాళ్ళతో లెక్క వేసి చూపిస్తారు. నాకు తెలిసి ఏ పోస్టరు కంటే అది బాగా పనిచేస్తుంది. ఇద్దరు గుణియాల దగ్గరికి ఇప్పటికే వెళ్ళాం. "మంత్రం మానెయ్యమని చెప్పం. ముందు 108కి ఫోన్ చెయ్యి, బండి వచ్చేలోగా నీ మంత్రం చదువుకో" అన్నాం. ఒకాయన ఒప్పుకున్నాడు. ఒకాయన తలుపు వేసుకున్నాడు. మళ్ళీ వెళ్తాం.

చిల్లంగి, అంటే చేతబడి, అనే మాట ఎత్తాలంటేనే మన ఊళ్ళల్లో గొంతు తగ్గిస్తారు. జ్వరాలొచ్చి ఇద్దరు పోతే చాలు, ఊళ్ళో ఒంటరి ముసలమ్మ మీద పడుతుంది చూపు. మంత్రగత్తె అని ముద్ర వేసి హింసించడాన్ని నేరం చేస్తూ 2013లో ఒడిశా చట్టం తెచ్చింది. చట్టం పోలీస్ స్టేషన్లో ఉంటుంది, చూపు మాత్రం ఊళ్ళో మొదలవుతుంది. ఆ మొదలైన రోజునే వెళ్ళి ముసలమ్మ అరుగు మీద కూచుని కబుర్లు చెప్పి రావడానికి మనుషులు కావాలి.

చట్టం మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. "అసలు ఇలాంటి సంఘం పెట్టుకోవచ్చా?" అని కమిటీలో ఒకరు నిజంగానే అనుమానపడ్డారట. పెట్టుకోవచ్చు. రాజ్యాంగం 25వ అధికరణంలో మత స్వేచ్ఛ కంటే ముందు రాసింది అంతరాత్మ స్వేచ్ఛ. 19వ అధికరణం సంఘాలు పెట్టుకునే హక్కు ఇచ్చింది. శాస్త్రీయ దృష్టిని, మానవతను, ప్రశ్నించే గుణాన్ని పెంచడం ప్రతి పౌరుడి బాధ్యత అని 1976లో 51ఏ అధికరణంలో చేర్చారు. నాకు మతం లేదు అని చెప్పుకునే హక్కు మనిషికి ఉందని 2014లో బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పింది. 1860 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టరు చేసుకోవడానికి ఏడుగురు చాలు. మేము ఎనిమిది మందిమి. 2011 జనగణనలో మతం తెలపనివాళ్ళు దేశం మొత్తం మీద 28 లక్షల 67 వేల పైచిలుకు. వాళ్ళంతా నాస్తికులని నేననను. కానీ వాళ్ళల్లో మా నాన్న ఒకరు. లెక్కలు రాసుకోవడానికి వచ్చిన మాస్టారు "ఏదో ఒకటి చెప్పండి" అంటే నవ్వి, "ఏదీ లేదని రాసుకోండి బాబూ" అన్నారు. పక్కనే బియ్యం ఏరుతున్నాను నేను.

ఇంతకీ నేను మిమ్మల్ని నాస్తికులు కమ్మని అడగడం లేదు. సంఘం మమ్మల్ని సమర్థిస్తోందని బోర్డు పెట్టమని అడగడం లేదు. గదిలో ఉన్న సరస్వతీదేవి పటం తియ్యమనం. దాని కిందే కూచుంటాం. నా అర్జీని మరోసారి కమిటీలో పెట్టండి. ఇస్తామంటే తేదీ చెప్పండి. ఇవ్వలేమంటే కారణం కాగితం మీద రాసి ఇవ్వండి. మీరు చదువు చెప్పిన పిల్లకి రాతపూర్వకంగా జవాబివ్వడం మీకు భారం కాదనుకుంటాను.

ఈలోగా మేము ఆగిపోవడం లేదు. ఈ ఏడు గోరా పుట్టినరోజు, నవంబర్ 15, సరిగ్గా ఆదివారం పడింది. ఆ సాయంత్రం నాలుగింటికి మా ఇంటి అరుగు మీద కలుస్తున్నాం. ఎవరి తిండి వాళ్ళు తెచ్చుకుని పంచుకుందాం, పులిహోర అయినా సరే, రొట్టె అయినా సరే. నమ్మేవాళ్ళు రావచ్చు, నమ్మనివాళ్ళు రావచ్చు, ఎటూ తేలనివాళ్ళు కూడా రావచ్చు. కార్యవర్గం నుంచి ఒక్కరైనా వచ్చి, మేము ఏం మాట్లాడుకుంటామో చివరిదాకా కూచుని వినండి. అమ్మ టీ పెడతానంది. సాయంత్రం దీపం పెట్టే వేళకి ఓ పది నిమిషాలు లోపలికి వెళ్తుంది, మళ్ళీ వచ్చి కూచుంటుంది. మా సందు ఇరుకు, బళ్ళు ఎదురింటి గోడవార పెట్టుకోండి, వాళ్ళకి చెప్పి ఉంచాను.

ఇట్లు,
మీ సంఘంలో అక్షరాలు దిద్దుకున్న
ఒక స్టాఫ్ నర్సు,
పర్లాకిమిడి